మతం గడిలో ఏం రాయించాలి?

2027 మార్చి 1ని ఆధార తేదీగా తీసుకుని చేసే జనగణనలో కులం కూడా రాసుకుంటారని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అన్ని కులాలనూ జనగణనలో లెక్కించడం 1931 తర్వాత ఇదే. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి మా ఖరగ్‌పూర్ తెలుగు వీధుల్లో ఒక ప్రశ్న తిరుగుతోంది. గట్టిగా ఎవరూ అడగరు. అరుగు మీద కూర్చున్నప్పుడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడుగుతారు. “మతం గడిలో ఏం రాయించాలి? అక్కడ నిజం చెబితే కులం గడి పోతుందా?”

అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు. సర్టిఫికెట్టు ప్రకారం హిందువులు. నేను ఏ దేవుడినీ నమ్మను. కాబట్టి ఈ ప్రశ్న నాది కాదని తప్పుకోవచ్చు. హేతువాద మిత్రులు చాలామంది తప్పుకుంటూనే ఉన్నారు. “వాళ్ల మతాల గొడవ వాళ్లు చూసుకుంటారు, మనకెందుకు?” అంటారు. మనకెందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మా ఊరి గురించి రెండు మాటలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చింది. వెంటనే వర్క్‌షాపు వచ్చింది. ఆ వర్క్‌షాపులోకి, లైను పనుల్లోకి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మన జనం వేలల్లో వచ్చారు. 1920ల చివర్లో ఆ రైల్వే కార్మికుల సమ్మెలకు నాయకత్వం వహించిన వి.వి. గిరి గారు కూడా తెలుగువారే. ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. ఇళ్లలో తెలుగు, బజారులో హిందీ, ఆఫీసులో బెంగాలీ. మాతాపూజకు ఘటాలు ఎత్తుకునేదీ మనవాళ్లే, క్రిస్మస్‌కు ఇంటి మీద నక్షత్రం కట్టేదీ మనవాళ్లే. ఒకే ఇంట్లో తల్లి ఘటం ఎత్తితే కోడలు ప్రార్థన కూటానికి వెళ్లడం ఇక్కడ వింతేమీ కాదు.

నేను బి.కాం. చదివి, రక్షణ లెక్కల శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా ఉద్యోగమంతా ఒకే పని. ఒక పుస్తకంలోని అంకెకూ ఇంకో పుస్తకంలోని అంకెకూ తేడా వస్తే అది ఎందుకు వచ్చిందో తేల్చడం. తేడా రాగానే దొంగతనం అనుకోకూడదని మాకు మొదటి వారమే నేర్పారు. తేడాకు కారణాలు చాలా ఉంటాయి. రెండు పుస్తకాలూ వేర్వేరు సంగతులు లెక్కపెడుతూ ఉండొచ్చు. ఒక పుస్తకం రాసే పద్ధతే తప్పు కావచ్చు. నిజం రాస్తే నష్టం వచ్చేలా నియమం ఉండొచ్చు. ఈ మూడోది ఉన్నచోట ఎంత నిజాయితీపరుడైన గుమాస్తా ఉన్నా లెక్క తప్పుగానే వస్తుంది.

మతం విషయంలో మన దేశంలో ఉన్నవి సరిగ్గా ఇలాంటి రెండు పుస్తకాలే. ఒకటి సర్కారుది, రెండోది సంఘానిది.

సంఘం అంటే చర్చి. దాని పుస్తకంలో ఒక మనిషి ఎలా చేరతాడు? బాప్తిస్మం తీసుకుంటాడు. కొన్ని సంఘాల్లో పసిపిల్లలకే ఇస్తారు, బాప్టిస్టు సంఘాల్లో బుద్ధి తెలిసిన తర్వాతే ఇస్తారు. చందా కడతాడు. ప్రభు రాత్రి భోజనంలో పాలుపంచుకుంటాడు. ఇవన్నీ ఉంటే పూర్తి సభ్యుడు. ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాటలు పాడి వెళ్లేవాడు సభ్యుడు కాదు, వచ్చిపోయేవాడు. సువార్త మహాసభకు వచ్చి చెయ్యెత్తినవాడు సభ్యుడూ కాదు, వచ్చిపోయేవాడూ కాదు. అయినా మహాసభ పెట్టినవారి నివేదికలో అతనూ ఒక అంకె అవుతాడు.

ఇది మన దగ్గరే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో 1976 చట్టం ప్రకారం జనగణనలో మతం గురించి తప్పనిసరి ప్రశ్న అడగకూడదు. అందుకని చర్చి సంఘాలూ, పరిశోధకులూ కలిసి పదేళ్లకోసారి సంఘాల పుస్తకాల నుంచి కౌంటీల వారీగా లెక్క తీస్తారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అందులో సభ్యులు వేరు, పిల్లలతో సహా అనుయాయులు వేరు. జనాభా తక్కువగా ఉన్న కొన్ని పల్లె కౌంటీల్లో ఆ అనుయాయుల సంఖ్య అక్కడి మొత్తం జనాభాను మించిపోతుంది! పక్క కౌంటీ వాళ్లు ఇక్కడి చర్చిలో పేరు రాయించుకోవడం, ఊరు వదిలిన వాళ్ల పేర్లు కొట్టివేయకపోవడం లాంటివి దీనికి కారణాలు. జర్మనీలో దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం. అక్కడ చర్చి సభ్యుడైతే ఆదాయపు పన్ను మీద 8 నుంచి 9 శాతం చర్చి పన్ను పడుతుంది. వద్దనుకుంటే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి సభ్యత్వం రద్దు చేయించుకోవాలి. ఏటా లక్షలమంది చేయించుకుంటున్నారు. అంటే సభ్యత్వానికి ఖర్చు ఉన్నచోట పుస్తకం సన్నబడుతుంది, ఖర్చు లేనిచోట లావెక్కుతుంది. నమ్మకానికీ ఈ లావు సన్నాలకూ సంబంధం తక్కువ.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనగణన ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68. 1991లో 1.83. 2001లో 1.55. 2011లో 1.34. శాతమే కాదు, మనుషుల సంఖ్యే తగ్గింది. 1971లో 18 లక్షల పైచిలుకు ఉన్నవారు 2011 నాటికి 11 లక్షల 30 వేలకు దిగారు. ఈలోగా రాష్ట్ర జనాభా నాలుగున్నర కోట్ల లోపు నుంచి ఎనిమిదిన్నర కోట్ల దగ్గరకు వెళ్లింది. 1971 నాటి శాతమే నిలిచి ఉంటే 2011లో 35 లక్షలు ఉండాలి. తేడా 24 లక్షలు.

ఈ నలభై ఏళ్లలో తెలుగు నేల మీద చర్చీలు తగ్గాయా? ఒంగోలు నుంచి గుంటూరు దాకా బస్సులో ఒకసారి వెళ్లి వచ్చినవాడెవడూ ఆ మాట అనడు. పక్కనున్న తమిళనాడు చూడండి. అక్కడ 1971లో 5.75 శాతం, 2011లో 6.12 శాతం. పెద్దగా కదలలేదు. మరి తెలుగు క్రైస్తవులకే ఏమైంది?

నాకు తోచిన జవాబు ఇది. తమిళనాట క్రైస్తవుల్లో నాడార్లు, పరవలు వంటి కులాలవారు గణనీయంగా ఉన్నారు. వాళ్లు వెనుకబడిన తరగతుల వాళ్లు. మతం గడిలో క్రైస్తవుడని రాయించినా వాళ్ల రిజర్వేషను వాళ్లకుంటుంది. తెలుగునాట క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వాళ్లు ఆ మాట రాయిస్తే ఎస్సీ హోదా పోతుంది. ఒకరికి నిజం ఉచితం, ఇంకొకరికి నిజానికి వెల ఉంది. వెల ఉన్నచోట పుస్తకం సన్నబడింది. జర్మనీలో జరిగిందే ఇక్కడా జరిగింది. కాకపోతే అక్కడ వెల ఆదాయపు పన్ను మీద ఎనిమిది, తొమ్మిది శాతం, ఇక్కడ అసలు జీతమే.

ఆ 24 లక్షలూ దాక్కున్న క్రైస్తవులేనని నేను అనడం లేదు. కుటుంబాల పరిమాణం, వలసలు, తిరిగి గుడికి వెళ్లినవాళ్లు, ఏదీ పట్టనివాళ్లు, అన్నీ అందులో ఉంటాయి. లెక్కల భాషలో చెప్పాలంటే అది సస్పెన్స్ ఖాతా. సస్పెన్స్ ఖాతాలోని మొత్తాన్ని తెచ్చి తనకు అనుకూలమైన పద్దులో వేసుకోకూడదు. కానీ మనవాళ్లు చేస్తున్నది అదే. హిందూ సంస్థలు ఆ అంకెను మతమార్పిడి కుట్ర కింద రాసుకుంటాయి. కొందరు పాస్టర్లు దాన్ని నాలుగింతలు చేసి విదేశీ దాతల ముందు విజయం కింద రాసుకుంటారు.

వెల పెట్టిందెవరు? 1950లో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. దాని మూడో పేరా సారాంశం, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులానికి చెందినవాడు కాడు అని. 1956లో సిక్కులను చేర్చారు. అదే ఏడాది అక్టోబరు 14న అంబేడ్కర్ నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నారు. ఆయన వెంట నడిచినవాళ్లు కేంద్ర జాబితాలో ఎస్సీ హోదా తిరిగి పొందడానికి 1990 దాకా, అంటే 34 ఏళ్లు, ఆగాల్సి వచ్చింది. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు.

ఇందులోని విడ్డూరం చూడాలంటే మా ఊరికి రండి. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో సంతాలులు ఉన్నారు. వాళ్లు షెడ్యూల్డు తెగ. తెగల ఉత్తర్వులో మతం షరతే లేదు. సంతాలు చర్చికి వెళ్లినా, సారి ధరమ్ అని రాయించినా, హిందువునని రాయించినా అతని హోదా అతనిదే. 2011 జనగణనలో దేశంలో 49 లక్షల పైచిలుకు మంది తమ మతం సర్నా అని, 5 లక్షల పైచిలుకు మంది సారి ధరమ్ అని రాయించుకున్నారు. ఆ మాట వల్ల వాళ్లలో ఎవరి సర్టిఫికెట్టూ పోలేదు. మా శ్రీకాకుళం కొండల్లోని సవరలకూ అంతే. ఒక సంతాలు, ఒక మాల ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే యేసుకు దండం పెట్టుకుంటే, ఇంటికి వెళ్లేటప్పుడు ఒకరి హోదా జేబులోనే ఉంటుంది, ఇంకొకరిది పోతుంది. ఇది ఏ తర్కం?

ఇంకో విడ్డూరం మనకు సంబంధించినది. ఉత్తర్వులోని మాటలను అక్షరాలా చదవండి. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక “వేరే మతాన్ని” అవలంబించేవాడికే నిషేధం. ఏ మతాన్నీ అవలంబించని దళిత నాస్తికుడు వేరే మతంలోకి వెళ్లలేదు కదా! అక్షరాల ప్రకారం అతనికి నిషేధం వర్తించకూడదు. అంటే దేవుడు లేడన్నవాడి హోదా ఉంటుంది, దేవుడు ఒక్కడే అన్నవాడి హోదా పోతుంది. ఆచరణలో మాత్రం కౌంటర్లోని గుమాస్తా “మతం?” అని అడుగుతాడు, “లేదు” అంటే “హిందూ అని రాస్తున్నా” అంటాడు. మన నాస్తికత్వాన్ని కూడా గుమాస్తా ఒక మతంలో జమ కట్టేస్తాడు.

కోర్టులు ఏమన్నాయో చూద్దాం. 1985లో సూసై కేసు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తుంటే, క్రైస్తవుడివని అతనికి ఇవ్వలేదు. క్రైస్తవంలోకి వెళ్లాక కూడా హిందూ సమాజంలో ఉన్నంత తీవ్రమైన వెనుకబాటు ఉందని రుజువు చూపలేదు కాబట్టి కేసు నిలవదని సుప్రీంకోర్టు చెప్పింది. బాప్తిస్మం తీసుకున్నా అతను పక్కవాడితో పాటు అదే ఎండలో కూర్చుని అవే చెప్పులు కుడుతున్నాడు. ఇంకేం రుజువు కావాలి?

కైలాష్ సోన్కర్ కేసులో ఇదే సుప్రీంకోర్టు, మతం మారినప్పుడు కులానికి గ్రహణం పడుతుందని, తిరిగి పాత మతంలోకి వస్తే గ్రహణం వీడుతుందని సూత్రం చెప్పింది. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడు ఎక్కడికీ పోడని మనం బడి పిల్లలకు చెబుతూనే ఉన్నాం. కులమూ అంతే. అక్కడే ఉంది. కోర్టుకు కనబడలేదు.

2024 నవంబరు 26న సెల్వరాణి కేసులో తీర్పు వచ్చింది. పుదుచ్చేరిలో అప్పర్ డివిజన్ క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు చేసిన అమ్మాయి. పసితనంలో బాప్తిస్మం, క్రమం తప్పకుండా చర్చి. హిందువునన్న ఆమె మాటను కోర్టు నమ్మలేదు. విశ్వాసం లేకుండా రిజర్వేషను కోసమే మతం మారానని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లా పాస్టరు ఒకరి ఫిర్యాదులో, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. కొట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్టు అడిగి కొట్టడు. తిట్టేవాడు కులం పేరుతోనే తిడతాడు. చట్టం మాత్రం “నీకు కులం లేదు కదా” అంటుంది.

ఇదంతా కోర్టుల సంగతి. వీధిలో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ఉద్యోగం వదిలాక నేను చుట్టుపక్కల వాళ్లకు పింఛను కాగితాలు రాసిపెడుతుంటాను. ఒకావిడ వచ్చింది. భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, పోయాడు. సర్వీసు పుస్తకంలో భార్య పేరు లక్ష్మమ్మ, మతం హిందూ. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఆవిడ పేరు మరియమ్మ. కార్యాలయం వాళ్లు “ఇద్దరూ ఒకరేనని రుజువు తీసుకురా” అని కుటుంబ పింఛను ఆపేశారు. పెళ్లికి రుజువు ఒకటే, చర్చి పెళ్లి పుస్తకం. అందులో రెండు పేర్లూ ఉన్నాయి, భర్త సంతకం ఉంది. దాన్ని జత చేస్తే వారంలో అయిపోయే పని.

“అది మాత్రం వద్దు బాబూ” అంది.

“ఎందుకమ్మా? అదే కదా గట్టి కాగితం?”

“నా కొడుకు ఎస్సీ కోటాలో ఉజ్జోగం సేత్తన్నాడు. ఆ కాయితం ఆఫీసుకెల్తే రేపు ఆడి మీదకొత్తది. నాకు పింఛను రాకపోయినా పర్లేదు గానీ ఆడి అన్నం పోకూడదు.” కాసేపాగి, “నలభై ఏళ్లు ఆయనతో కాపరం సేసినాను. నాను ఆయన పెళ్లాన్ని కాదంటారేటి?” అంది.

పద్నాలుగు నెలలు పట్టింది. ప్రమాణ పత్రాలు, ఇద్దరు గెజిటెడ్ అధికారుల ధ్రువీకరణ, పత్రికా ప్రకటన, చివరికి మంజూరైంది. కనీస కుటుంబ పింఛను నెలకు రూ. 9,000, దానిపై కరువు భత్యం. ఆ పద్నాలుగు నెలలూ ఆవిడ రెండిళ్లలో గిన్నెలు తోమింది. ఈ మనిషిని ఏమని పిలుద్దాం? రాజ్యాంగాన్ని మోసం చేసిందనా? నాకైతే ఆవిడ రెండు పుస్తకాల మధ్య నలిగిన మనిషి. పుస్తకాలు రాసే పద్ధతి తప్పు.

ఇప్పుడు అభ్యంతరాలు. మన మిత్రుల దగ్గరే విన్నవి.

మొదటిది: “క్రైస్తవంలో కులం లేదంటారు కదా, మరి కులం సౌకర్యం ఎందుకు?” క్రైస్తవ గ్రంథంలో కులం లేకపోవచ్చు. ఊళ్లో ఉంది. జాషువా క్రైస్తవ కుటుంబంలోనే పుట్టారు. అంటరానితనం ఆయన్ను వదిలిందా? సిక్కు గ్రంథంలోనూ కులం లేదు. బౌద్ధంలోనూ లేదు. వాళ్లకు హోదా ఇచ్చినప్పుడు గ్రంథం చూడలేదు, ఊరు చూశారు. సరైన పనే చేశారు. అదే కొలబద్ద అందరికీ పెట్టమనే నేను అడుగుతున్నది.

రెండోది: “వీళ్లు బియ్యం కోసం మారినవాళ్లు, నమ్మి మారలేదు.” 1878లో కరువు రోజుల్లో ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజున, జులై 3న, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ మాట అప్పుడే పుట్టింది. కానీ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని ఇచ్చినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. కరువుకు పదేళ్లకు పైగా ముందే, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. అదంతా పక్కనపెట్టి, బియ్యం కోసమే మారారనుకుందాం. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టినవాడి వైపు వెళ్లడంలో హేతువుకు విరుద్ధమైనది ఏముంది? మిగతావాళ్లు ఏ తర్కశాస్త్రం చదివి తమ మతంలో పుట్టారు?

మూడోది గట్టి అభ్యంతరం: “వీళ్లను కలిపితే ఇప్పుడున్న ఎస్సీల వాటా తరుగుతుంది.” ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కేంద్రంలో ఎస్సీ వాటా 15 శాతం. ఇంద్రా సాహ్నీ తీర్పు 1992లో మొత్తం మీద 50 శాతం గీత గీసింది. గిన్నె పెరగకుండా చేతులు పెరిగితే ఎవరికి కోపం రాదు? కానీ రెండు సంగతులు గమనించాలి. తెలుగు జిల్లాల్లో వీళ్లలో చాలామంది కాగితం మీద ఇప్పటికే ఎస్సీ లెక్కలోనే ఉన్నారు. పైన చెప్పిన తేడాయే అందుకు సూచన. కాబట్టి కొత్తగా వచ్చే చేతులు భయపడుతున్నన్ని ఉండవు. రెండు, ఎంతమంది వచ్చి కలుస్తారో నిజంగా లెక్కపెట్టి వాటాను ఆ మేరకు పెంచాలి. లెక్కపెట్టాలంటే నిజం చెప్పినవాడికి శిక్ష ఉండకూడదు. మళ్లీ మొదటికే వచ్చాం.

ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక శాతం ఉంది. సొంత రాష్ట్రంలో అదైనా ఉంది. మా వంటి వలస కుటుంబాలకు ఇంకో ముడి. ఒక రాష్ట్రపు జాబితాలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో దానంతట అది రాదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పూర్వీకుల ఊరు కాగితం, కులం కాగితం, మతం కాగితం, మూడూ సరిపోవాలి. తాతల ఊరికి వెళ్లి సర్టిఫికెట్టు తెచ్చుకునే మనవడికి అక్కడ మొదటి ప్రశ్న, “మీవాళ్లు చర్చికి పోతారా?” అని.

రంగనాథ్ మిశ్రా కమిషను 2007లోనే ఎస్సీ హోదాను మతం నుంచి విడదీయమని సిఫారసు చేసింది. 2009లో పార్లమెంటు ముందు పెట్టి, పక్కన పెట్టారు. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ ఆధ్వర్యంలో మరో కమిషను వేసి, దాని గడువు ఒకటికి రెండుసార్లు పొడిగించారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మా శాఖలో ఒక ఆడిట్ పేరా ఇన్నేళ్లు తేలకపోతే ఎవరో ఒకరి సంజాయిషీ అడిగేవాళ్లు.

ప్రభుత్వాన్ని అడిగి చర్చిని వదిలిపెడితే నేను హేతువాదినే కాదు. సంఘాలకు కొన్ని మాటలు. మీ పుస్తకంలో ఉన్నవాళ్ల సంఖ్య గొప్పగా చెబుతారు. అందులో ఎంతమంది చనిపోయారో, ఊరు వదిలారో ఎప్పుడైనా సరిచూశారా? పెళ్లిళ్ల దగ్గర మాల సంఘం, మాదిగ సంఘం ఎందుకు వేరవుతున్నాయి? మా దగ్గర ఒక కూలి మనిషి పోతే, నాలుగేళ్ల చందా బాకీ ఉందని సమాధి స్థలం ఇవ్వడానికి ఒక సంఘం పెద్దలు సాయంత్రం దాకా బేరం పెట్టారు. శవం వాకిట్లోనే ఉంది. చివరికి వీధివాళ్లు తలా కొంత వేసి బాకీ కట్టారు. సర్కారు పుస్తకంలో అతను క్రైస్తవుడు కాడు, సంఘం పుస్తకంలో బాకీదారుడు. రెండు పుస్తకాల్లోనూ అతనికి చోటు లేదు. స్వస్థత కూటాల్లో నూనె రాసి షుగరు తగ్గిస్తామనేవాళ్లను మనం ఎదిరిస్తాం, ఎదిరిస్తూనే ఉంటాం. కానీ ఆ కూటానికి వెళ్లిన మనిషి హక్కు పోవాలని కోరడం ఎదిరింపు కాదు, అది ఇంకొక మతం తరఫున వకాల్తా.

ఇక అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు. 1948 జనగణన చట్టం ఎనిమిదో సెక్షను ప్రకారం అడిగిన ప్రశ్నకు తెలిసినంతలో నిజం చెప్పాలి. అదే చట్టం పదిహేనో సెక్షను ప్రకారం జనగణన రికార్డులను ఎవరూ తనిఖీ చేయకూడదు, కోర్టులో సాక్ష్యంగా పనికిరావు. జనగణన పుస్తకం వేరు, కుల ధ్రువీకరణ పుస్తకం వేరు. ఒకటి తెచ్చి ఇంకొకదాని మీద కేసు వేయడానికి చట్టం ఒప్పుకోదు. అయితే ఎన్యూమరేటరుకు ఉన్న సూచనల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాక వేరే మతం చెబితే ఎస్సీగా రాసుకోరు. అంటే నిజం చెబితే మీ సర్టిఫికెట్టుకు ఏమీ కాదు గానీ, ఎస్సీల లెక్కలో ఒక తల తగ్గుతుంది. ఈ రెండూ తెలుసుకుని ఎవరికి వారు తేల్చుకోవాలి. భయంతో మాత్రం కాదు.

ఏ మతమూ లేని మనం కూడా బద్ధకించకూడదు. 2011లో మతం తెలుపనివారి కింద 28 లక్షల 67 వేల మంది తేలారు. మన ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరు పేరు చూసి హిందూ అని టిక్కు పెట్టుకుంటుంటే, ఆపి “ఏ మతమూ లేదు” అని రాయించండి. పుట్టిన బిడ్డ ధ్రువపత్రంలో మతం లేదు, కులం లేదు అని రాయించుకునే హక్కు ఉందని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఒక జంట కేసులో చెప్పింది. మతం వద్దనే హక్కు ఆ జంటకు ఎంత ఉందో, శిక్ష పడకుండా మతం పెట్టుకునే హక్కు మరియమ్మకూ అంతే ఉంది. ఈ రెండు హక్కులూ ఒకటే. ఒకదాని కోసం కొట్లాడి రెండోదాని దగ్గర మౌనంగా ఉండటం కుదరదు.

కాబట్టి హేతువాద సంఘాలకు నా ప్రతిపాదన ఇది. 1950 ఉత్తర్వు మూడో పేరా తీసేయాలని మన సభల్లో తీర్మానం చేద్దాం. షెడ్యూల్డు కులాన్ని కులంగా, జరిగిన అన్యాయంగా లెక్కపెట్టమందాం. మతాన్ని ఎవరి ఇంటి సంగతిగా వాళ్లకు వదిలేయమందాం. వాటా పెంచకుండా కలపవద్దని కూడా అదే తీర్మానంలో రాద్దాం. మనిషి నోటి నుంచి నిజం రావాలంటే ముందు ఆ నిజం మీద ఉన్న జరిమానా ఎత్తేయాలి. ఆ తర్వాత ఎంతమంది ఏ దేవుణ్ణి నమ్ముతున్నారో తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు, వాళ్లతో తీరిగ్గా వాదించనూ వచ్చు.